నూనె తాగిన కుళాయి

తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదు. చిన్నప్పటి నుంచీ అంతే. కూర మాడితే స్టవ్వుది తప్పు, బస్సు వెళ్ళిపోతే డ్రైవరుది తప్పు, బళ్ళో లెక్క తప్పు చెబితే పుస్తకం అచ్చు వేసినవాళ్ళది తప్పు. మా ఆయన ఈ సంగతి పెళ్ళయిన మొదటి నెలలోనే కనిపెట్టేశారు. "టీచరమ్మా, నీ జన్మలో ఒక్కసారి 'నాదే పొరపాటు' అను. ఆ రోజు మాయాబందర్ జెట్టీ మీదున్న వాళ్ళందరికీ నేను చాయ్ పోయిస్తాను" అనేవారు. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆ చాయ్ ఎవరూ తాగలేదు.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. పోయేముందు ఆ మాట నేను అన్నాను. అయినా లాభం లేకపోయింది. ఎందుకు లేకపోయిందో రాయాలంటే మా వంటింటి కుళాయి దగ్గర మొదలుపెట్టాలి.

నేను ఈ దీవుల్లోనే పుట్టాను. మా నాన్న చేపల వేట మీద బతికినవాడు, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా అమ్మకి ఒక అలవాటు ఉండేది. నెలలో మొదటి ఆదివారం పొద్దున్నే గిన్నెలో కొబ్బరినూనె పోసి, కోడి ఈక ఒకటి పట్టుకుని ఇల్లంతా తిరిగేది. తలుపు బందులు, గొళ్ళెం, తాళంకప్ప, కత్తెర, కుట్టుమిషను, గొడుగు పుల్లలు, అన్నిటికీ నూనె పెట్టేది. ఉప్పుగాలి ఇక్కడ దేన్నీ బతకనివ్వదు. నిన్న కొన్న కత్తెర వారం తిరక్కుండా ఎర్రబడుతుంది. మా లైనులో ప్రతి ఇంట్లోనూ గడప పక్కన ఒక ఈక, ఒక నూనె గిన్నె ఉండేవి. పెళ్ళయి నేను వచ్చాక మా ఇంట్లోనూ అవి చేరాయి.

ఆయన ఉద్యోగం కోసం అవతలి ఒడ్డు నుంచి వచ్చిన మనిషి, మాయాబందర్‌లో ప్రభుత్వ వర్క్‌షాపులో ఫిట్టరు. పడవల ఇంజన్లు విప్పడం, బిగించడం. చేతులంటే అవీ చేతులు. బిగుసుకుపోయిన బోల్టు ఏదైనా దాని మీద రెండు వేళ్ళు ఆనించి కాసేపు ఊరుకునేవారు, డాక్టరు నాడి చూసినట్టు. తర్వాత దెబ్బ ఎక్కడ వెయ్యాలో ఆయనకి తెలిసేది. జబర్దస్తీ చెయ్యడం ఆయనకి గిట్టదు. నేను మూత రాని సీసాని గట్టు మీద దబదబా బాదుతుంటే, "దానికి కొంచెం టైం ఇయ్యే. ఇనప వస్తువైనా సరే, టైం ఇస్తే మాట వింటాది" అనేవారు. ముప్పై ఏళ్ళు డీజిల్ పొగలో ఉండి ముక్కు మాత్రం పోగొట్టుకున్నారు. చేపల పులుసు అడుగంటినా పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవారు.

మా ఈక చూసి నవ్వేవారు. "మీ దీవుల వాళ్ళు నూనె రాయనిది మొగుడికొక్కడికే" అనేవారు.

నాకు నలభై దాటేసరికి మణికట్ల నొప్పులు పట్టుకున్నాయి. అప్పటికి మేం పోర్ట్‌బ్లెయిర్ వచ్చేశాం. ఏటవాలు మీద చిన్న ఇల్లు కట్టుకున్నాం. పిల్లలు లేరు మాకు, ఇంట్లో ఇద్దరమే. పొద్దున్న లేచి కుళాయి తిప్పాలంటే ప్రాణం పోయేది. తిప్పలేక, గిన్నెలు సింకులో పడేసి, కుళాయిని తిట్టుకుంటూ బడికి వెళ్ళిపోయేదాన్ని. ఒకసారి ఆయన సెలవు పెట్టి విశాఖపట్నం వెళ్ళి, తిరిగి ఓడలో వస్తూ బట్టల మధ్య చుట్టి ఒక కుళాయి తెచ్చారు. అలాంటిది అంతకుముందు నేను చూడలేదు. తిప్పే పని లేదు. పైన ఒక మీట ఉంటుంది. మోచేత్తో పైకి నెడితే నీళ్ళు వస్తాయి, కిందికి నొక్కితే ఆగుతాయి. మూడు రోజుల ఓడ ప్రయాణంలో ఆ సంచీ ఆయన తల కిందే ఉందట.

బిగించిన రోజున నన్ను పక్కన నిలబెట్టుకుని పాఠం చెప్పారు. మీట కింద, ఇత్తడి గొంతులో, ప్లాస్టిక్ డబ్బీలాంటిది ఒకటి కూర్చుని ఉంటుంది. దాన్ని కార్ట్రిడ్జ్ అంటారు. నీళ్ళు ఆపేదీ వదిలేదీ అదే. దాని చుట్టూ రబ్బరు రింగులుంటాయి. "అంతా బాగుంటాది కానీ టీచరమ్మా, నీ కోడి ఈక మాత్రం దీని దగ్గరికి తేకు. రబ్బరుకి నూనె పడదు" అన్నారు.

"మాకు తెలీదా ఏం" అన్నాను.

తెలిసే చేశాను. నాలుగైదేళ్ళు బాగానే నడిచింది. తర్వాత మీట బిగుసుకోవడం మొదలెట్టింది. ఒక ఆదివారం అన్నిటికీ నూనె రాస్తూ, చేతిలో ఈక ఉంది కదా అని, మీట మొదట్లో నాలుగు చుక్కలు వేశాను. మర్నాటికి హాయిగా లేచింది. వర్క్‌షాపు వాళ్ళకి ఇనుము తెలుసు గానీ ఉప్పుగాలి గురించి మాకు చెప్పేదేమిటి అనుకున్నాను. ఆ తర్వాత ప్రతి నెలా వేశాను. ఆయన అటు బజారుకి వెళ్ళగానే ఇటు నాలుగు చుక్కలు. అలా పదకొండేళ్ళు.

ఈలోగా ఆయన రిటైరయ్యారు. రిటైరయిన రెండో ఏడు కుడిచెయ్యి వణకడం మొదలైంది. చాయ్ గ్లాసు పట్టుకుంటే సన్నగా అదిరేది. నేను చూశానని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకూ తెలుసు. ఇద్దరం దాని ఊసెత్తలేదు. కానీ పక్కింటావిడ మిక్సీ తెచ్చి ఇస్తే, ఇదివరకు గంటలో బాగుచేసే మనిషి, రెండు రోజులు దగ్గర పెట్టుకుని చెమటలు కక్కేవారు. బాగుచేసి ఇచ్చాక ఆ పూటంతా హుషారుగా ఉండేవారు. ఓ మధ్యాహ్నం అన్నం తింటూ ఉన్నట్టుండి, "చెయ్యి పోతే నా దగ్గర ఇంకేటుంది చెప్పు" అన్నారు. "చెయ్యి ఎక్కడికీ పోదు, తినండి" అని కసిరాను. నాకు భయం వేస్తే కోపం వస్తుంది.

ఆ వేసవిలో కుళాయి కారడం మొదలైంది. మీట ఎంత నొక్కినా బొట్టు బొట్టుగా పడుతూనే ఉంది. మా దగ్గర వేసవిలో నీళ్ళు మూడు రోజులకోసారి వదులుతారు. కారే కుళాయి ఉంటే రెండో రోజుకే పై ట్యాంకు ఖాళీ. కింద బకెట్టు పెట్టి రెండు రోజులు చూశాను.

"మిస్త్రీని పిలుస్తాను" అన్నాను.

ఆయన పేపరు పక్కన పెట్టారు. "నేను తెచ్చి నేను బిగించిన కుళాయికి మిస్త్రీ ఏటే? కార్ట్రిడ్జ్ తీసి కొత్తది వెయ్యాల, అంతే కదా." గొంతు తగ్గించి, "ఇదొక్కటి తీసేస్తే నా చేతులు ఇంకా ఉన్నట్టే" అన్నారు.

ఆ మాట నేను విన్నాను. కుళాయి సంగతి ఎలా ఉన్నా, ఆయన తన చేతులకి పరీక్ష పెట్టుకున్నారని నాకు బాగా అర్థమైంది.

ఆదివారం పొద్దున్న పనిముట్ల పెట్టె దించారు. ట్యాంకు వాల్వు కట్టేశారు. అది కడితే ఇంట్లో ఏ కుళాయికీ నీళ్ళు రావు, అందుకని ముందే బిందెలన్నీ నింపి పెట్టాను. సింకులో పాత తువ్వాలు పరిచారు, చిన్న మరలు పడిపోకుండా. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. మీట పక్కనున్న చిన్న మర విప్పడానికి కాస్త అవస్థ పడ్డారు గానీ విప్పారు. మీట ఊడింది. దాని కింద గుండ్రటి మూత ఊడింది. దాని కింద ఇత్తడి నట్టు. స్పానరు వేసి, ఎడమచేత్తో కుడిచేతిని ఒత్తిపట్టి, ఒక్క కుదుపు. నట్టు కదిలింది. "సగం పెళ్ళి అయిపోయింది" అని నవ్వారు.

అప్పుడు వేలితో మూత లోపలి అంచు రాసి చూసుకున్నారు. పసుపుపచ్చటి జిగురు వేలికి అంటుకుంది.

"ఇదేటిది?"

అది ఏమిటో నాకు తెలుసు. కంపు కూడా తెలుస్తోంది, మురిగిన కొబ్బరినూనె కంపు. ఆయన వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆ ముక్కుకి ఏం తెలుస్తుంది.

"ఏముంది, మురికి. ఇన్నేళ్ళ కుళాయి కదా" అన్నాను.

ఆయన వేలు తువ్వాలుకి తుడుచుకున్నారు.

కార్ట్రిడ్జ్ తల పట్టుకుని పైకి లాగితే రావాలి. రాలేదు. "సున్నం పట్టేసినట్టుంది" అని గుడ్డ వెనిగర్‌లో ముంచి కుళాయి గొంతు చుట్టూ కట్టారు. వంటిల్లంతా పులుపు వాసన నిండింది. గంట ఆగాం. చాయ్ తాగాం. మాయాబందర్‌లో ఒకసారి రోజున్నర కూర్చుని ఇంజన్ తెరిచిన కథ మళ్ళీ చెప్పారు. నేను ఊ కొట్టాను. తర్వాత మళ్ళీ లాగారు, రాలేదు. వేడినీళ్ళ గుడ్డ కట్టారు. చెక్కముక్క ఆనించి చుట్టూ మెల్లగా కొట్టారు. పట్టకారు వేసి అటు ఇటు తిప్పబోయారు. అది రవ్వంత కూడా కదల్లేదు. ఆ చెయ్యి వణకడం నేను టార్చి వెలుతురులో చూస్తూనే ఉన్నాను. పట్టకారు జారి సింకుకి తగిలి చప్పుడైంది. మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ జారింది.

పన్నెండయింది. అన్నం తినమంటే వద్దన్నారు. "రహనే దో జీ, రేపు చూద్దాం" అన్నాను. వినలేదు. ఒకటిన్నరకి పట్టకారు గట్టిగా పట్టుకుని, ఆయన జన్మలో చెయ్యని పని చేశారు. ఒంటి బలమంతా పెట్టి జబర్దస్తీగా మెలిపెట్టారు. ఫట్‌మని విరిగింది. కార్ట్రిడ్జ్ తల పట్టకారులో ఉంది, మొండెం ఇత్తడి గొంతులోనే ఉండిపోయింది.

ఆయన మెల్లగా కింద కూర్చున్నారు, వంటింటి నేల మీద, సింకు గోడకి ఆనుకుని. ఆ విరిగిన ముక్క అరచేతిలో పెట్టుకుని చూశారు. చెయ్యి వణుకుతోంది, ముక్కా వణుకుతోంది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. 'నేను నూనె పోశాను, పదకొండేళ్ళు పోశాను, ఇది మీ చేతుల తప్పు కాదు' అని ఒక్క మాట. నోటి దాకా వచ్చింది. ఆయన తిడతారని కాదు, ఆయన తిట్టే మనిషి కాదు. నవ్వి ఊరుకునేవారు. అదే నాకు అడ్డమైంది. 'వద్దని చెప్పాను కదే' అనే ఆ నవ్వు పడాలంటే నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది. అంత చిన్నదాని కోసం మింగేశాను. పాడు నోరు, అక్కరలేని చోట వాగుతుంది.

"రేపు మిస్త్రీని పిలు" అని ఆయనే అన్నారు.

అబర్డీన్ బజార్ వెనక హార్డ్‌వేర్ దుకాణం దగ్గర కూర్చునే మిస్త్రీ మర్నాడు పొద్దున్నే వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, మా వాళ్ళే, ఇక్కడే పుట్టినవాడు. మా ఆయన వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు, వంటింట్లోకి రాలేదు. మిస్త్రీ సన్నటి ఉలి పెట్టి లోపలే కార్ట్రిడ్జ్‌ని రెండుగా చీల్చాడు. ఒక్కో చెక్కా పైకి లాగాడు. వాసన చూశాడు. రబ్బరు రింగులు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ఉండాల్సినదానికి రెండింతలు లావుగా, మెత్తగా, పాకంలో నానినట్టు ఉన్నాయి.

"ఇందులో నారియల్ తేల్ ఎవరు పోసినారు దీదీ?"

నేను వరండా వైపు చూశాను.

"రబ్బరంతా ఫూల్ గయా. ఇది ఎవడి బాబొచ్చినా చేత్తో రాదు. సాబ్ ఊరికే కష్టపడినారు, సాబ్ చేతిలో గల్తీ లేదు."

"కొంచెం మెల్లగా మాట్లాడు భయ్యా" అన్నాను.

అతను నా మొహం కేసి ఒకసారి చూసి, కొత్త కార్ట్రిడ్జ్ తీసి బిగించాడు. సాబ్ చేతిలో గల్తీ లేదన్నది రెండు గదులు దాటి వరండాలోకి వెళ్ళాల్సిన మాట. నేనే ఆపాను.

మిస్త్రీ వెళ్ళాక ఆయన రోడ్డు వైపే చూస్తూ అడిగారు. "వచ్చేసిందా?"

"వచ్చేసింది."

"ఎంతసేపట్లో?"

"పది నిమిషాలు పట్టిందేమో."

"ఏటన్నాడు?"

"ఏమంటాడు. పాతబడిపోయింది అన్నాడు."

ఆయన తల ఊపారు. నేను వంటింట్లోకి వచ్చి, ఆ రెండు చెక్కలూ, ఉబ్బిన రింగులూ, విరిగిన తలా అన్నీ కాగితంలో చుట్టి, పెరటి వెనక ఏటవాలు కింద పొదల్లోకి విసిరేశాను. చెత్త డబ్బాలో వేస్తే ఆయన చూస్తారని.

నాలుగో రోజున పనిముట్ల పెట్టె మాయాబందర్ బస్సెక్కింది. వర్క్‌షాపులో తనతో పనిచేసిన పాత స్నేహితుడికి పంపేశారు. "ఇంట్లో ఒక్క స్క్రూడ్రైవరైనా ఉంచండి" అంటే, "ఎవరికి?" అన్నారు. పక్కింటావిడ మిక్సీ తెస్తే, "నా వల్ల కాదమ్మా, బజార్లో చూపించుకోండి" అని గుమ్మంలోనే చెప్పి పంపేశారు. గోడ గడియారం ఆగిపోతే ఆగిపోయినట్టే ఉంచారు. పొద్దున్నే వరండాలో కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేవడం. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకునేవారు, ఎవరివో చూస్తున్నట్టు.

రోజూ చెబుదామనే అనుకునేదాన్ని. ఆలస్యమైన కొద్దీ చెప్పాల్సినవి పెరిగాయి. మొదట నూనె సంగతి ఒక్కటే. తర్వాత జిగురు చూసి మురికి అన్న సంగతి, మిస్త్రీ మాట దాచిన సంగతి, ముక్కలు పారేసిన సంగతి. రెండేళ్ళు గడిచాయి. బళ్ళో రోజూ అందరి పిల్లలకీ నీతులు చెప్పే టీచరుని నేను, నా సొంత మొగుడికి ఒక్క నిజం చెప్పలేకపోయాను.

రెండో ఏడు వానాకాలంలో ఆయన గుండె బాగా బలహీనపడింది. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. వాళ్ళు చెప్పిన తీరులోనే మిగతాది అర్థమైంది. ఓ మధ్యాహ్నం వాన వెలిసింది. కిటికీ పక్క మంచం మీద ఆయన దిండ్లకి ఆనుకుని ఉన్నారు. నేను స్టూలు లాక్కుని కూర్చుని, ఏడుపు రాకుండా, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు మొత్తం చెప్పాను. నాలుగు చుక్కల దగ్గర నుంచి పొదల్లో పారేసిన దాకా. చివర, "నాదే పొరపాటు" అన్నాను.

ఆయన నన్నే చూస్తూ విన్నారు. మొహంలో మెల్లగా నవ్వు వచ్చింది. మనసు కరిగినప్పటి నవ్వు.

"నా టీచరమ్మా" అన్నారు. "ముప్పై ఆరేళ్ళలో ఏ తప్పూ నీది కాలేదు. ఇప్పుడు నేను పోతన్నానని, నా మనసు చల్లబరచడానికి ఇంత పెద్ద తప్పు నెత్తినేసుకున్నావా?"

"అబద్ధం కాదండీ. ఒట్టు. మీ మీద ఒట్టు."

"చాల్లే. నీకు అబద్ధాలు రావు. తేట నీళ్ళలాగ తెలిసిపోతన్నాది" అని నా చెయ్యి తట్టారు. "మంచిదానివే."

నాకు పిచ్చి కోపం వచ్చింది. ఆయన మీద కాదు. లేచి కొడవలి తీసుకుని పెరట్లోంచి ఏటవాలు దిగాను. రెండు వానాకాలాల పొదలు అక్కడ నడుం దాకా పెరిగాయి. ఆ రింగు ఒక్కటి దొరికితే చాలు. అది వేళ్ళ మధ్య నలిపితే ఆయన చేతికి తెలిసిపోతుంది, నూనె తాగిన రబ్బరని. ముళ్ళు గీరుకుంటున్నా లెక్కచెయ్యకుండా, బురదలో చెయ్యి పెట్టి తడుముతూ వెతికాను. పగిలిన సీసాలు, కొబ్బరి డిప్పలు, ఎవరిదో చెప్పు. అది మాత్రం లేదు.

కిటికీలోంచి ఆయన గొంతు వినబడింది, నీరసంగా. "ఏటి చేస్తన్నావే అక్కడ? జెర్రులుంటాయి. పైకి రా."

ఇంకా కాసేపు వెతికి పైకి వచ్చాను. మణికట్ల నుంచి మోచేతుల దాకా గీతలు, సన్నగా రక్తం. ఆయన చూసి, "అయ్యో, ఏటిది" అని, గడప పక్కనున్న నూనె గిన్నె ఇటు తెమ్మన్నారు. నేను తెచ్చి ఇచ్చాను. మంచం మీద నా చేతులు రెండూ తన ఒళ్ళోకి లాక్కుని, వేలితో కొబ్బరినూనె తీసి ఒక్కో గీత మీదా రాశారు. రాస్తూ రాస్తూ మణికట్టు దగ్గర సరిగ్గా నొప్పి ఉండే చోట ఆగి, బొటనవేలితో మెల్లగా నొక్కారు. నేను ఆ చేతినే చూస్తున్నాను. వణకడం లేదు. గట్టిగా, కుదురుగా, మాయాబందర్‌లో బోల్టు మీద వేలు ఆనించినట్టే ఉంది.

"చూడండి" అన్నాను. "మీ చెయ్యి వణకట్లేదు. నిజంగా, చూడండి."

ఆయన తలెత్తలేదు. నా చేతికి నూనె రాస్తూనే, "మళ్ళీ మొదలెట్టావా" అన్నారు.